నాన్న జీపు, ఫారం 35

"సార్, పాత జీపును ఇంట్లోనే తయారు చేసుకున్నారట కదా! ఎంతయింది?"

సూరత్‌కు బదిలీ మీద వచ్చే మన తెలుగు ఉద్యోగులు ఇల్లు ఎక్కడ దొరుకుతుందని అడిగాక నన్ను అడిగే రెండో ప్రశ్న ఇది. ఫోన్లో చెబితే సగమే అర్థమవుతుంది. అంకె చెబితే "అమ్మో" అని ఊరుకుంటారు. అందుకే మొత్తం కథ ఇక్కడ రాస్తున్నాను. పాత బండి ఉన్నవాళ్లకు పని వరుస తెలుస్తుంది, లేనివాళ్లకు నా పొరపాట్లు చదివి నవ్వుకునే అవకాశం ఉంటుంది. బ్యాంకులో పనిచేసే మనందరికీ పనికొచ్చే మాట ఒకటి చివర్లో ఉంది.

ఏ జీపు, ఎవరి జీపు

మాది నర్సీపట్నం. నాన్న చిన్న కాంట్రాక్టరు. చింతపల్లి వైపు ఏజెన్సీలో కల్వర్టులు, రోడ్డు మరమ్మతులు చేసేవారు. 1991లో ఒక బ్యాంకులో అప్పు తీసుకుని మహీంద్రా ఎంఎం 540 కొన్నారు. సిమెంటు బస్తాలు, కూలీలు, మా చెల్లి పెళ్లి సామాను అన్నీ అందులోనే లంబసింగి ఘాట్ ఎక్కి దిగేవి.

జీపుల చరిత్ర తెలియనివారి కోసం రెండు ముక్కలు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లిస్, ఫోర్డ్ కంపెనీలు తయారు చేసిన బండి ఇది. 1945లో మహీంద్రా అండ్ మొహమ్మద్ అనే సంస్థ పుట్టింది. దేశ విభజన తర్వాత భాగస్వామి గులాం మొహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి ఆ దేశపు తొలి ఆర్థిక మంత్రి అయ్యారు. 1948లో సంస్థ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. 1940ల చివర్లో విల్లిస్ జీపుల్ని ఇక్కడ కూర్చడం మొదలుపెట్టిన ఆ సంస్థే 1980ల మధ్యలో ఎంఎం 540 తెచ్చింది. దానిలో ఉన్నది ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో సంస్థ రూపొందించిన 2,112 సీసీ డీజిలు ఇంజను. మన పల్లెల్లో ఎమ్మార్వో వచ్చినా, ఎన్నికల ప్రచారం వచ్చినా, బ్యాంకు వసూళ్లకు వచ్చినా జీపే వచ్చేది.

నాన్న 2017లో పోయారు. బండి ఐదేళ్లు చింతచెట్టు కింద ఉండిపోయింది. నాకు 2022లో సూరత్ బదిలీ అయ్యింది. ఊరికి వెళ్లినప్పుడు పాత ఇనుము వ్యాపారి గుమ్మంలో ఉన్నాడు. "ఆ ఇనుము ఏటి సేసుకుంటావురా? ఇచ్చీ" అంది అమ్మ. నేను ఇవ్వలేకపోయాను. సూరత్ నుంచి చీరల బేళ్లు వేసుకొచ్చి విశాఖలో దింపి తిరిగి వెళ్లే లారీ ఒకటి దొరికితే జీపును తాళ్లతో కట్టి ఎక్కించాను. రాయపూర్, నాగపూర్, ధూలే మీదుగా ఆరో రోజున మా వీధిలో దిగింది.

మొదటి తప్పు

సూరత్‌లో మేం అద్దెకు ఉండేది రో హౌసు. ఒకదానికొకటి ఆనుకుని వరసగా కట్టిన ఇళ్లు, ముందు కారు పెట్టేంత చోటు, మధ్యలో సొసైటీ దారి. ఆ చోటే నా షెడ్డు. ఉధనాలో పాత డీజిలు బండ్లు చూసే మెకానిక్ ఒకాయన దొరికారు. అందరూ ఆయన్ను చాచా అంటారు. ఆదివారాలు ఆయన వస్తారు, మిగతా రోజుల్లో రాత్రి ఎనిమిది తర్వాత నేనూ, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయీ పని చేస్తాం. అదీ ఒప్పందం.

చాచా మొదట బ్రేకులు విప్పుదాం అన్నారు. నాకు ఇంజను చప్పుడు వినాలని తొందర. రెండు నెలలు ఇంజను మీదే పెట్టించాను. 2023 జనవరిలో ఒక ఉదయం, చాచా లేని రోజు, జీపు స్టార్టయింది. నాన్న బండి చప్పుడు ఆరేళ్ల తర్వాత విన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్క సీట్లో అమ్మాయిని కూర్చోబెట్టుకుని సొసైటీ దారిలో ఫస్ట్ గేర్లో ముందుకు పోనిచ్చాను. మలుపు దగ్గర బ్రేకు తొక్కితే పెడలు నేలకు తగిలింది. హ్యాండ్ బ్రేకు లాగితే కేబులు తుప్పుతో బిగుసుకుపోయి కదల్లేదు. స్టాప్ నాబు లాగేలోపు జీపు ఎదురింటి అరుగు మీదికి ఎక్కి ఆగింది.

ఆ అరుగు మీద కూర్చుని రోజూ ఆ వేళకు సూరతీ పాపడి చిక్కుళ్లు ఒలుచుకునే ముసలావిడ అప్పుడే నీళ్ల కోసం లోపలికి వెళ్లింది. బుట్ట మాత్రం బంపరు కింద ఉంది. ఆవిడ బయటికొచ్చి బుట్టనూ నన్నూ చూసి, "ముందు పిల్లకు నీళ్లివ్వండి" అని గుజరాతీలో అంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే కాస్త తేలికగా ఉండేది.

చాసిస్‌కు క్లిప్పు పెట్టిన చోట బ్రేకు పైపు లోలోపలే తుప్పు పట్టి, గట్టిగా తొక్కగానే పగిలిపోయింది. మా బండిలో పాత రకం మాస్టర్ సిలిండరు, సర్క్యూట్ ఒక్కటే. అంటే ఎక్కడ ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. ఆ రాత్రి మా ఆవిడ ఒక్కటే అడిగింది: "మామయ్యగారు బండి ఎక్కగానే ఏం చేసేవారో గుర్తుందా?" గుర్తొచ్చింది. నాన్న తాళం తిప్పకముందే బ్రేకు పెడలు మూడుసార్లు తొక్కి చూసేవారు. అప్పట్లో అది చాదస్తం అనుకున్నాను. ఘాట్ రోడ్డు మీద పాతికేళ్లు బతికి వచ్చిన పద్ధతి అది.

సరైన వరుస

ఆ తర్వాత గోడ మీద కాగితం అంటించాం. ఆగడం, తిరగడం, చల్లబడటం, నడవడం, చివర్లో అందం. పాత బండి ఏదైనా ఈ వరుసలోనే చేయండి.

*ఆగడం.* పైపులన్నీ కొత్తవి వేయించాం. మాస్టర్ సిలిండరు, నాలుగు డ్రమ్ముల్లోని వీల్ సిలిండర్లు, రబ్బరు హోసులు మార్చాం. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. ఆ దుమ్మును గాలి కొట్టి ఊదకూడదు, మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవాలి. బ్రేకు ఆయిలు గాల్లోని తేమను పీల్చుకుంటుంది, లోపలి తుప్పుకు కారణం అదే. రెండేళ్లకోసారైనా మార్చాలి. డబ్బాలో మామూలు ఇంజనాయిలు పొరపాటున కూడా పోయకూడదు. రబ్బరు ఉబ్బి బ్రేకులు పట్టేస్తాయి.

*తిరగడం.* స్టీరింగు వదులుగా ఉంటే ముందు చక్రాలు తల ఊపుతాయి. మాకు కింగ్‌పిన్ బేరింగులు, టై రాడ్ ఎండ్లు పోయాయి. ఒక బుష్షు ఎక్కడా దొరకలేదు. సూరత్‌లో మరమగ్గాలు ఎక్కువ కాబట్టి వాటి విడిభాగాలు చేసే లేతు షాపులు కూడా ఎక్కువే. లింబాయత్‌లో మగ్గం సామాను చేసే ఒక షాపుకు వెళ్తే, లేతు మీద ఉన్నాయన నా ఫోను మాటలు విని, "ఏ ఊరు సార్ మీది?" అన్నాడు. వాళ్ల నాన్న సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. కరీంనగర్, వరంగల్ జిల్లాల పద్మశాలి కుటుంబాలు సూరత్‌లో వేలల్లో ఉన్నాయని తెలుసు గానీ మా జీపు బుష్షు వాళ్ల చేతి మీద తయారవుతుందని అనుకోలేదు. పాతదాన్ని కొలిచి గంటలో కంచుతో చేసిచ్చాడు. డబ్బులిస్తే, "గింత పనికి గింతెందుకు సార్?" అని సగం వెనక్కిచ్చాడు.

*చల్లబడటం.* రేడియేటరు విప్పి కడిగించాం. హోసులు, థర్మోస్టాట్, ఫ్యాన్ బెల్టు మార్చాం. పాత డీజిలు ఇంజను వేడెక్కితే హెడ్డు వంగిపోతుంది, ఆ ఖర్చుతో పోలిస్తే ఇది చిల్లర.

*నడవడం.* ఏళ్లుగా ఆగిన ఇంజనుకు తాళం తిప్పి సెల్ఫ్ కొట్టకూడదు. హీటర్ ప్లగ్గులు తీసి సిలిండర్లలో కొంచెం ఆయిలు పోసి ఒక రోజు వదిలి, పుల్లీ నట్టుకు స్పానరు పెట్టి చేత్తో తిప్పాలి. తేలిగ్గా తిరిగితేనే ముందుకు వెళ్లాలి. డీజిలు ట్యాంకు దించి కడగాలి, అడుగున పేరుకున్న మడ్డి ఫిల్టరును మూసేస్తుంది. పైపులో గాలి ఉంటే డీజిలు ఇంజను స్టార్టు కాదు. చేతి పంపు కొడుతూ స్క్రూ వదులు చేసి, బుడగలు లేకుండా డీజిలు వచ్చేదాకా గాలి తీయాలి. ఈ పని ఇప్పుడు మా అమ్మాయి నాకంటే బాగా చేస్తుంది.

గేరుబాక్సు, రెండు యాక్సిళ్ల ఆయిలు తప్పనిసరిగా తీసి చూడాలి. ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయని అర్థం. చాచా ఈ చదువు 2006లో నేర్చుకున్నారు. ఆ ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీటితో తాపీ పొంగి సూరత్‌లో చాలా భాగం మునిగింది. "ఆ నెలలో నేను తిన్న అన్నం కంటే గేరుబాక్సుల్లోంచి తీసిన నీళ్లే ఎక్కువ, సాహెబ్" అంటారు. మా జీపు ముందు యాక్సిలులో అదే కాఫీ రంగు కనిపించింది. ఏజెన్సీ వాగులు దాటినప్పటి నీళ్లు కాబోలు.

నాలుగు చక్రాల గుట్టు

గేరు రాడ్డు పక్కన ఇంకో రెండు చిన్న రాడ్లు ఎందుకని చాలామంది అడుగుతారు. ఇంజను శక్తి గేరుబాక్సు దాటాక ట్రాన్స్‌ఫర్ కేసు అనే పెట్టెలోకి వస్తుంది. మామూలుగా శక్తి వెనక చక్రాలకే వెళ్తుంది. ఒక రాడ్డు ముందు యాక్సిలును కూడా కలుపుతుంది. రెండోది హై, లో. లో వేస్తే వేగం తగ్గి లాగే బలం పెరుగుతుంది.

మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరుగుతాయి. ఈ రకం జీపులో ఆ తేడాను సర్దే ఏర్పాటు ముందు, వెనక యాక్సిళ్ల మధ్య లేదు. బురదలో, ఇసుకలో అయితే చక్రం కాస్త జారి తేడా సర్దుకుంటుంది. పొడి తారు రోడ్డు మీద సర్దుకునే దారి లేక గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. అందుకే ఫోర్ వీలు బురదకే గాని హైవేకు కాదు. ఇంకో సంగతి. ఫోర్ వీలు వేసినంత మాత్రాన నాలుగు చక్రాలూ లాగుతాయని కాదు. ప్రతి యాక్సిలులో డిఫరెన్షియల్ ఉంటుంది, అది తేలిగ్గా తిరిగే చక్రానికే తిప్పుడు ఇస్తుంది. ముందు ఒకటి, వెనక ఒకటి గాల్లో తిరిగితే జీపు కూడా కూరుకుపోతుంది. కాబట్టి బురదలోకి దిగకముందే వేయాలి. చిక్కుకున్నాక వేసేదాని కంటే అదే మేలు.

తుప్పు, పెయింటు

ఫ్లోరు రేకు మీద సుత్తితో తడితే "టంగ్" అనాలి. మాది "థప్" అంది. కుళ్లినంత వరకు కోసి 18 గేజి రేకు వెల్డింగు చేయించాం. తుప్పు మీద పుట్టీ మెత్తి రంగు వేస్తే ఒక వానాకాలం ఆగుతుంది. తుప్పు పూర్తిగా గీకి, ప్రైమరు వేసి, ఆపైనే రంగు వేయాలి. వెల్డింగు చేసేటప్పుడు బ్యాటరీ వైర్లు తీసేయాలి, డీజిలు ట్యాంకు దూరంగా ఉండాలి. బండి కింద దూరేటప్పుడు జాకీని ఒక్కదాన్నే నమ్మకూడదు, స్టాండ్లు పెట్టాలి.

ఒక హెచ్చరిక. చాసిస్ కడ్డీ మీద చెక్కిన నంబరును గ్రైండరుతో గీకించకండి. ఆర్టీవో దరఖాస్తు మీద ఆ నంబరు పెన్సిల్ ప్రింటు తీసి అంటించాలి. అది చెరిగితే బండి ఎంత బాగున్నా ఎవరిదో తెలియని ఇనుమే. నాకు ఈ సంగతి ముందుగా చెప్పింది చాచానే.

సగం బండి కాగితాల్లో ఉంటుంది

నేను చేసిన రెండో తప్పు, కాగితాలు చూడకుండా బండి తేవడం. నాన్న ఆర్సీ పదిహేనేళ్లకు, అంటే 2006లో, ఆ తర్వాత 2011లో పునరుద్ధరించారు. 2016లో ఆయనకు ఒంట్లో బాగోలేక వదిలేశారు. ఆర్సీ తీసి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. హైపోథికేషన్ గడిలో అప్పు ఇచ్చిన బ్యాంకు పేరు ఇంకా అలాగే ఉంది.

నాన్న ఆ అప్పు 1996లోనే తీర్చేశారని ఇంట్లో అందరికీ తెలుసు. చివరి వాయిదా కట్టిన రోజు మిఠాయి తెచ్చారు కూడా. తీరిన అప్పును ఆర్సీలోంచి తీయించడం మాత్రం ఎవరికీ తట్టలేదు. అప్పు ఇచ్చిన శాఖ చోటు మారింది. ఆ ఖాతా కంప్యూటర్లలోకి ఎక్కకముందే ముగిసింది. అక్కడి ఆఫీసరు మర్యాదగానే, "మా రికార్డులో లేదు సార్. అప్పు తీరిందని రాసివ్వడానికి ఆధారం ఏదైనా ఉందా?" అన్నారు. ఆయన స్థానంలో నేనున్నా అదే అడిగేవాణ్ణి. కౌంటరుకు అవతల నిలబడి ఆ మాట వినడం మాత్రం నా ఉద్యోగంలో అదే మొదటిసారి.

అమ్మకు ఫోన్ చేశాను. మూడు రోజుల తర్వాత ఆమె నాన్న ట్రంకు పెట్టెలో వెతికింది. పాత పంచాంగాల మధ్య రబ్బరు బ్యాండు వేసిన కౌంటర్‌ఫాయిళ్ల కట్ట, దాని అడుగున బ్యాంకు ముద్ర, సంతకంతో "బాకీ లేదు" అన్న ఉత్తరం ఉన్నాయి. ఇరవై ఏడేళ్ల నాటి కాగితం. దాన్ని చూసి శాఖవారు పై ఆఫీసుకు రాసి, రెండు నెలల్లో కొత్త లేఖ, సంతకాలతో ఫారం 35 ఇచ్చారు.

తర్వాత వరుసగా జరిగాయి. ఆంధ్రలో ఫారం 35తో హైపోథికేషన్ రద్దు, ఫారం 31తో వారసత్వంగా నా పేరుకు మార్పు, ఫారం 28తో వేరే రాష్ట్రానికి వెళ్లడానికి ఎన్‌ఓసీ. సూరత్‌లో గుజరాత్ పన్ను, తనిఖీ, ఫారం 25తో రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ, జీజే 05 నంబరు. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కార్లు, జీపుల పునరుద్ధరణ రుసుము 5,000 రూపాయలైంది. ఆలస్యానికి నెలకు 500 అదనం. 2025 ఆగస్టులో, ఇరవై ఏళ్లు దాటినవాటికి రుసుమును 10,000 చేశారు. ఢిల్లీ పరిసరాల్లో పాత డీజిలు బండ్ల నియమాలు వేరు. కాబట్టి బండి కదిలించకముందే మీ ఆర్టీవోలో కనుక్కోండి. బండి ఆకారం, ఇంజను ఇష్టమొచ్చినట్టు మార్చకండి. ఆర్సీలో ఉన్న వివరాలకు బండి సరిపోవాలి.

లెక్క

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు.

లారీ కిరాయి: 32,000
బ్రేకులు, స్టీరింగు: 41,000
ఇంజను, డీజిలు, రేడియేటరు: 68,000
టైర్లు ఐదు: 36,000
రేకు పని, వెల్డింగు: 38,000
వైరింగు, బ్యాటరీ: 17,000
పెయింటు: 30,000
కాగితాలు, పన్ను, బీమా: 41,000
ఎదురింటి అరుగు: 6,000
మొత్తం: 3,09,000 రూపాయలు

నేను వేసుకున్న అంచనా లక్షన్నర. అమ్మితే పెట్టింది తిరిగి రాదు. ఎంబీఏలో మునిగిన ఖర్చు గురించి పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నాను. అయినా ప్రతి నెలా "ఇంత పెట్టాం, ఇంకొంచెం పెడితే అయిపోతుంది" అని మా ఆవిడకు చెప్పినవాణ్ణీ నేనే. ఖాయిలా పడిన యూనిట్‌కు అప్పు అడగడానికి వచ్చేవారి మాటలు ఇప్పుడు నాకు ఇంకా బాగా అర్థమవుతున్నాయి. పర్సనల్ లోను మాత్రం తీసుకోలేదు. నెలకు ఇంత అని గీత గీసుకుని, డబ్బు అయిపోతే పని ఆపాం. అందుకే పద్నాలుగు నెలలు పట్టింది.

చివరి మాట

2024 ఫిబ్రవరిలో అమ్మ సూరత్ వచ్చింది. కొత్త ఆర్సీ చేతికిచ్చాను. అక్షరాలు కూడబలుక్కుని చదివి, "బ్యాంకోడి పేరు లేదేటి?" అంది. లేదన్నాను. "మీ నాన్న ఉంటే బాగుణ్ను" అని కార్డును కొంగులో ముడేసుకుంది. సాయంత్రం ముందు సీట్లో కూర్చుంది. ఎదురింటావిడ, మా అమ్మాయి వెనక ఎక్కారు. తాళం తిప్పకముందు బ్రేకు మూడుసార్లు తొక్కాను. అమ్మ పెడలు వైపు చూసింది, ఏమీ అనలేదు.

ఆ ఏడాది నుంచి మా శాఖలో వాహన రుణం ముగించిన ప్రతి ఖాతాదారుకూ, ముగించిన రోజునే "బాకీ లేదు" లేఖ, రెండు ప్రతుల ఫారం 35 చేతికిస్తున్నాం. "ఈ నెలలోనే ఆర్టీవోకు వెళ్లండి, బీమా పాలసీలో కూడా బ్యాంకు పేరు తీయించుకోండి" అని చెప్పి పంపుతున్నాం. నెల తర్వాత ఒక ఫోన్ కూడా చేస్తున్నాం. రెండు నిమిషాల పని. అప్పు తీరిందని మనకు తెలుసు, తీర్చినవారికి తెలుసు. పాతికేళ్ల తర్వాత వాళ్ల పిల్లలకు తెలియాలంటే ఆ కాగితం ఉండాలి.

మీ ఇంట్లో కూడా పాత స్కూటరో, కారో, ట్రాక్టరో ఉంటే ఈ ఆదివారం ఆర్సీ తీసి ఆ గడి ఒకసారి చూడండి. ఆ తర్వాత బ్రేకులు చూడండి. సూరత్ వస్తే మా ఇంటికి రండి. జీపులో ఒక రౌండు తిప్పుతాను, ఎదురింటి అరుగు కూడా చూపిస్తాను.